‘క్రీస్తు ఎబోలి వద్ద ఆగిపోయెను’ — నియంతృత్వము, నిత్యజీవితము

ఇటలీ దేశమున 1922లో అధికారమునకు వచ్చిన ఫాసిస్టు ప్రభుత్వమును గూర్చి చరిత్రకారులు వ్రాసిన గ్రంథములు పెక్కు కలవు. ఆ పాలనము సామాన్యుని పొలమున, పశువులకొట్టమున, రోగశయ్య యొద్ద ఏ రూపమున గోచరించినదో తెలిసికొనుటకు సాహిత్యము కూడ తోడు కావలెను. అట్టి రచనలలో కార్లో లేవి 1945లో ప్రకటించిన ‘క్రీస్తు ఎబోలి వద్ద ఆగిపోయెను’ అనునది ముఖ్యమైనది. దీనిని చరిత్రకు వెలుపలనున్న గ్రామజీవనమును వర్ణించు కావ్యప్రాయమైన రచనగా చదువుట పరిపాటి. ఈ యభిప్రాయమును మేము పూర్తిగా అంగీకరింపజాలము.

లేవి 1902లో టూరిన్ నగరమున జన్మించెను. వైద్యమున పట్టభద్రుడయ్యును చిత్రకళనే వృత్తిగా స్వీకరించెను. ఫాసిస్టు వ్యతిరేకులతో సంబంధము కలదని ప్రభుత్వము 1935లో అతనిని నిర్బంధించి, దక్షిణమునందలి లుకానియా ప్రాంతమునకు పంపెను. న్యాయస్థాన విచారణ లేకయే పౌరుని దూరగ్రామమున నిలిపి యుంచు ఈ పద్ధతిని ఫాసిస్టు ప్రభుత్వము 1926లో తన ప్రత్యర్థులపై ప్రయోగింపసాగెను. మొదట గ్రస్సానోలోను, పిదప అలియానోలోను అతడు నివసించెను. అలియానోయే గ్రంథమున గల్యానో అయినది. అడిస్ అబాబా ఇటలీ సేనలకు వశమైన సందర్భమున, 1936లో, అతనికి విడుదల లభించెను. గ్రంథరచన 1943-44 సంవత్సరములలో ఫ్లారెన్సు నగరమున సాగినది.

ముందుగా పూర్వపక్షమును పరికింతము. గ్రంథనామము ఆ ప్రాంతపు రైతుల నానుడి. క్రైస్తవుడనగా వారి వాడుకలో మనుష్యుడు. క్రీస్తు తమవరకు రాలేదనగా మానవత్వము, నాగరికత, చరిత్ర తమ పొలిమేరకు చేరలేదని భావము. లేవి ఈ ధ్వనిని గ్రంథమంతట పోషించెను. రాజ్యము అక్కడికి వచ్చుట పన్నులు గొనిపోవుటకే యనియు, రైతునకు అది వడగండ్లవలె, కొండచరియలవలె ఒక ప్రకృతివిపత్తు మాత్రమే యనియు అతని తాత్పర్యము.

కాని గ్రంథమునందలి సన్నివేశములే ఈ తాత్పర్యమును ప్రశ్నించుచున్నవి. మేకలపన్ను ప్రసంగమును చూడుడు. మేకలు పైరులకు హాని చేయునను హేతువుచే ప్రభుత్వము వాటిపై పన్ను విధించెను. గల్యానో నేలలో గొఱ్ఱెకు గాని ఆవునకు గాని చాలినంత మేత లేదు. ముండ్లపొదలు మేసి బ్రదుకగలది మేక యొక్కటే. పన్ను చెల్లింప రొక్కము లేని రైతు మేకను చంపుకొనెను. పాలు, జున్ను పోయినవి. ఇది ప్రకృతివిపత్తు కాదు. 1925లో ‘గోధుమల పోరాటము’ను ప్రారంభించి, అదే సంవత్సరమున మాతాశిశు సంరక్షణకై జాతీయ సంస్థను స్థాపించిన ప్రభుత్వమే, పేదయింటి బిడ్డకు దక్కవలసిన పాలను ఇట్లు హరించినది. లేవి ఈ వైరుధ్యమును చూపెనే కాని, దానికి చరిత్రయని పేరు పెట్టలేదు.

వైద్య ప్రకరణము ఇంకను బలమైన సాక్ష్యము. మలేరియాచే పీడితమైన ఆ గ్రామమున ఇద్దరు వైద్యులుండిరి. వారియందు రైతులకు విశ్వాసము లేదు. వారు లేవిని ఆశ్రయించిరి. కొంతకాలమునకు అధికారులు అతని వైద్యమును నిషేధించిరి. దూరపు పొలమున ఒకడు ప్రాణాపాయమున నుండగా, వెళ్లుటకు అనుమతి దొరకునప్పటికి వేళ మించిపోయెను, రోగి మరణించెను. రైతులు కోపించి ఆయుధములు పట్టబోయిరి. పిదప వీథినాటక మాడిరి. అందు తెల్లని వైద్యుడు, నల్లని వైద్యుడు రోగికొఱకు వాదింతురు. రోమునుండి వచ్చిన ఆజ్ఞ నల్లనివానినే గెలిపించును. తమ దుఃఖమునకు కారణమేదో గుర్తించి, దానిని రూపకముగా మలచినవారిని చరిత్రకు వెలుపలివారని ఎట్లు చెప్పగలము?

ఇక ప్రభుత్వము చేసిన మేలు ఏది? గ్రామకూడలిలో సిమెంటుతో కట్టిన పొడవైన మరుగుదొడ్డి. దానిని వాడువారు లేరు. ఇథియోపియా యుద్ధారంభమున రైతులను బలవంతముగా చేర్చి రేడియో ప్రసంగము వినిపించిరి. వారు మౌనముగా విని వెళ్లిపోయిరి. వారి గోడలపై రాజు పటము లేదు, ముస్సోలినీ పటము లేదు; విజ్జానో మాత విగ్రహచిత్రము, అమెరికా అధ్యక్షుడు రూజువెల్టు చిత్రము ఉండెను. మతేరా గుహాగృహముల వీథులలో బిడ్డలు పరదేశ స్త్రీని క్వినైను ఇమ్మని వేడుకొనిరని లేవి తన సోదరి ముఖమున చెప్పించెను. ఇందు కరుణము పుష్కలము. రచయిత వ్యాఖ్యానము మితము. గ్రంథమునకు ఇదియే గొప్ప బలమని మా యభిప్రాయము.

ఇన్యాత్సియో సిలోనే 1933లో ప్రకటించిన ‘ఫాంతమారా’ నవలతో పోల్చిన, భేదము స్ఫుటమగును. అందు ప్రభుత్వపు అండగల ధనికుడు ఏటినీటిని మళ్లించుకొనును. దోచినవాడెవడో పాఠకునకు స్పష్టము. కళాదృష్టిచే లేవి వాక్యము సిలోనే వాక్యము కంటె సూక్ష్మమైనది. కారణనిర్దేశమున సిలోనే లేవి కంటె నిక్కచ్చి. ఒకటి చదివినవారు రెండవది చదువక తప్పదు.

1952లో ఇటలీ ప్రభుత్వము మతేరా గుహలనుండి జనులను తరలించుటకు శాసనము చేసెను. ఆ దైన్యము అనాదియైన విధి కాదనియు, శాసనముచే మార్పదగినదే యనియు దీనివలన తెలియుచున్నది. పరిశోధకవిద్యార్థులు నియంతల సంక్షేమప్రకటనల జాబితాను మాత్రమే నమ్మరాదు. గ్రామము కాలాతీతమను కవిహృదయమును మాత్రమే నమ్మరాదు. మేకలపన్ను శాసనమును, పాలులేని యింటిని ఒకేచోట నిలిపి చదువవలెను. లేవి గ్రంథము అట్టి పఠనమునకు కావలసిన సామగ్రి నంతయు ఒసగినది. సిద్ధాంతము మాత్రము మనము చేసికొనవలసియున్నది.