మల్లీశ్వరి చిత్రమునందలి రూపకల్పన

చారిత్రక చిత్రమనగానే కిరీటములు, కత్తులు, కొలువుకూటములు మన మనస్సునకు తోచును. అట్టి సామగ్రిని ఎంత పోగుచేసినను గతకాలము కంటికి కట్టదు. ఆ కాలపు మనుష్యులు ఎట్టి వెలుగులో మెలగిరో, ఎట్టి నీడలకు జంకిరో చూపగలిగిననాడే చరిత్ర చిత్రమగును. 1951 డిసెంబరులో విడుదలయిన వాహినీవారి ‘మల్లీశ్వరి’ ఈ పని చేయగలిగిన కొలది చిత్రములలో నొకటి. దాని కీర్తికి సాలూరి రాజేశ్వరరావు సంగీతమును, దేవులపల్లి కృష్ణశాస్త్రి రచనయు కారణములని అందరును అందురు. అది సత్యమే. అయినను ఈ వ్యాసమున చెవిని కొంతసేపు ప్రక్కనుంచి, ఆ చిత్రమును కంటితో మాత్రమే పరిశీలింప దలచితిని.

బుచ్చిబాబు రచించిన ‘రాయల కరుణకృత్యము’ అను నాటికయు, దేవన్ శరార్ వ్రాసిన ఒక ఆంగ్లకథయు ఈ చిత్రకథకు ఆధారములు. వానిని తెరకు మలచినవారు బి. ఎన్. రెడ్డి. కళాదర్శకులు ఎ. కె. శేఖర్, ఛాయాగ్రాహకులు ఆది ఎం. ఇరానీ, బి. ఎన్. కొండారెడ్డి. కడప సీమలో పుట్టిన దర్శకుడు పలుభాషల నిపుణులను చెన్నపట్టణమున కూర్చుకొని, వడపళని స్టూడియోలో కొయ్యతోను, గుడ్డతోను, సున్నముతోను రాయలనాటి శిలాప్రపంచమును నిలిపినాడు. తెరపైన ఆ కొయ్య రాయిగానే కనిపించును.

చిత్రము రెండు లోకములుగా నిర్మింపబడినది. మొదటిది వీరాపురమను పల్లె. అచట బావ నాగరాజు, మరదలు మల్లి చిన్ననాటి నుండియు కలసి ఆడుకొందురు. ఎడ్లబండి, చెట్లనీడ, మబ్బుపట్టిన ఆకాశము, పాడుపడిన మంటపము - ఇవియే వారి ఐశ్వర్యము. తెలుపు, నలుపు, వాని నడుమ బూడిదవన్నెలు తప్ప మరి రంగు లేకున్నను, వానకు ముందు గాలిలోని చల్లదనము మనకు తెలియుచున్నది. పల్లె దృశ్యములలో మనుష్యునకు తలపైన ఎల్లప్పుడును ఆకాశము కలదు. ఈ విషయమును గుర్తుంచుకొన్నచో తరువాతి భాగము చక్కగా బోధపడును.

కథకు కీలకము వానరాత్రి. సంత నుండి తిరిగివచ్చు బావామరదండ్రు మంటపమున తలదాచుకొందురు. మల్లి పాడి ఆడును. మారువేషమున నున్న కృష్ణదేవరాయలును, అల్లసాని పెద్దనయు అచటనే ఆగి ఆ ఆటను చూతురు. రాయలకు పల్లకి పంపుమని చెప్పవలసినదిగా నాగరాజు వేళాకోళమున కోరును. ఆ వేళాకోళము నిజమగును. ఇద్దరు పిల్లలకు ఇల్లువంటి మంటపములోనికి రాజ్యము అడుగుపెట్టిన క్షణమది. అంతవరకు వారిని కాపాడిన స్తంభముల నీడలలోనే వారికి కీడు నిలిచియున్నది.

రెండవ లోకము విజయనగర రాణివాసము. ఇచట పైకప్పులు ఎత్తయినవి, స్తంభములు బారులు తీరినవి. అలంకారమునకు కొరత లేదు, ఆకాశమునకే కొరత. పల్లెలో అల్లరిగా పరుగెత్తిన మల్లి ఇచట మెల్లగా నడచును. భానుమతి ముఖమున సంభాషణకంటె మౌనమే హెచ్చుగా పలుకును. నాగరాజు పాత్రధారి నందమూరి తారక రామారావునకు అప్పటికి ముప్పది యేండ్లు నిండలేదు. తరువాతి కాలపు గాంభీర్యము లేని ఆ లేత ముఖము శిల్పియువకునకు సరిగా అమరినది. మల్లిని పోగొట్టుకొన్న నాగరాజు రాతిలో ఆమె రూపమును చెక్కును. ఆ నేర్పే అతనిని విజయనగరమునకు చేర్చును. ఇరువురును ఎడబాసి మేఘముతో చెప్పుకొను ఘట్టమున కాళిదాసు యక్షుడు జ్ఞప్తికి రాక మానడు. కాని ఇందు విశేషమేమనగా, ఇరువురికిని మిగిలిన ఉమ్మడి ఆస్తి ఆ ఆకాశమే.

ఒక ఆక్షేపణ చెప్పక తప్పదు. కథాంతమున రాయలు క్షమింపగా ప్రేమికులు బ్రదుకుదురు. బిడ్డను కానుకలకు మారుగా కొనిపోవు ఆచారమును ఎవరును నిలదీయరు. దయగల రాజు దొరకినందుకు సంతోషింపుమని కథ మనకు చెప్పుచున్నది. ఇది న్యాయము గాదు, కేవలము కరుణ. అయితే మాట దాచిన దానిని దృశ్యము దాచలేదు. బంగారముతో వచ్చిన పల్లకి ఆ చిన్న యింటి ముంగిట ఎంత వింతగా, ఎంత బరువుగా నున్నదో చూచినవారికి తీర్పు వేరుగా చెప్పనక్కరలేదు. నా దృష్టిలో ఈ చిత్రపు గొప్పతనము ఇదియే: దాని కన్ను దాని కథకంటె ధైర్యము గలది.

తిరువళ్ళూరు, తిరుత్తణి తెలుగువారికి ఈ చిత్రముతో ప్రత్యేక బంధుత్వము కలదు. అది విడుదలయిననాడు తిరుత్తణి చిత్తూరు జిల్లాలోనిది. 1960 ఏప్రిల్ 1న మదరాసు రాష్ట్రమున చేరినది. 1997లో తిరువళ్ళూరు జిల్లా ఏర్పడగా రెండూళ్ళును దానిలో చేరినవి. ఎల్లలు మారినను చుట్టునున్న రాళ్ళు మారలేదు. రాయలు తల్లి నాగలాంబ పేర వెలయించిన నాగలాపురము మనకు పొరుగూరే. 1516లో ఆయన కాళహస్తిలో ఎత్తించిన గాలిగోపురము 2010లో కూలినది. దానిని మరల కట్టిరి. ఆ స్తంభముల సొంపు ఎరిగినవారికి శేఖర్ నిర్మించిన మంటపము పరాయిది గాదు.

మరియొక మాట. 1953లో ఈ చిత్రము చీనా భాషలోని వ్రాతలతో చైనాలో ప్రదర్శింపబడినది. తెలుగక్షరము తెలియని ప్రజల ముందునకును అది పోగలిగినది. నేడు మన యిండ్లలోనే తెలుగు మాటలాడుచు తెలుగు లిపి నేర్వని పిల్లలు పెక్కుమంది కలరు. 2006 నాటి చట్టముతో తమిళము తప్పనిసరి పాఠ్యభాషయైన పిదప బడిలో తెలుగునకు చోటు ఇరుకైనది. తమిళము నేర్చుట మంచిదే; తెలుగు మరచుట అందుకు వెలగా నుండనక్కరలేదు. పుస్తకము చేత పట్టలేని పిల్లవానికి ముందుగా ఈ చిత్రమును చూపుడు. వాన, మంటపము, బండి అతనికి తెలియును. వానిని చూచుచు కృష్ణశాస్త్రి మాటలు వినును. విన్న మాట ఎట్లు వ్రాయుదురని ఒకనాడు అతడే అడుగును. అప్పుడు పలక అందించు పెద్దలు ఇంట నుండవలెను. ఆ పని మాత్రము ఏ చిత్రమును మనకు బదులుగా చేయజాలదు.