కిరీటానికి కరెంటు పెడితే

పలమనేరు, బైరెడ్డిపల్లె, పుంగనూరు, కుప్పం చుట్టుపక్కల ధర్మరాజుల గుడి ఉన్న ఊరికి వేసవి అంటే భారతం. మధ్యాహ్నం హరికథ, రాత్రి తెల్లవార్లూ వీధి నాటకం. 18 రోజులు జరిపే చోట బకాసుర వధతోనో ద్రౌపదీ కల్యాణంతోనో ఊపందుకుని, అర్జునుడు తపస్సు మాను ఎక్కి పూలూ నిమ్మకాయలూ విసరడం దాకా వస్తుంది. పిల్లలు లేని ఆడవాళ్లు ఒడి పట్టుకుని ఆ మాను కింద ఎదురు చూస్తారు. చివరి రోజు నేల మీద మట్టితో పరిచిన దుర్యోధనుడి తొడ మీద భీముడి గద పడుతుంది. సాయంత్రం అగ్నిగుండం తొక్కుతారు.

ఈ భారతం గురించి రాసేవాళ్లు కథను చూస్తారు, భక్తిని చూస్తారు, పాటను చూస్తారు. నటుడి నెత్తి మీది వస్తువును చూసేది తక్కువ. అద్దాలు పొదిగిన కిరీటమూ దానికి జోడుగా భుజకీర్తులూ మామూలు అలంకారంలా కనిపిస్తాయి గానీ, రాత్రి పూట దూరం నుంచి చూసేవాళ్ల కోసం లెక్క కట్టి చేసిన పనిముట్లవి. ఇప్పుడు ఆ లెక్క తెలుసుకోవాల్సిన కొత్త బృందం ఒకటి తయారైంది. సినిమాలో అంతరిక్ష యోధుడు పెట్టుకునే లైట్ల హెల్మెట్టును ఇంట్లోనే కట్టుకోవాలనే కుర్రవాళ్లు వాళ్లు. అలాంటి వేషాలు కట్టుకుని వచ్చే కామిక్ కాన్ హైదరాబాదులో 2013లో మొదలైంది. సింగీతం శ్రీనివాసరావు 1991లో ‘ఆదిత్య 369’తో మనకు చూపించిన భవిష్యత్తు, 2024లో ‘కల్కి 2898 ఏడీ’ నాటికి మరింత విస్తారంగా తెర మీదికొచ్చింది. ఆ సరదా చిత్తూరు జిల్లా పడమటి ఊళ్లకూ చేరకుండా ఉండదు.

హెల్మెట్టు కట్టేవాడికి నాలుగు చిక్కులు ఎదురవుతాయి: బరువు, కొలత, ముఖం, వెలుగు. నాలుగింటికీ కిరీటం దగ్గర జవాబుంది.

బరువు సంగతి ముందు. రాత్రంతా పాడాలి, గిరగిరా తిరగాలి, ఎగరాలి. అందుకే కిరీటానికి గట్టి కొయ్య పనికిరాదు. మన పక్కనే ఉన్న అరవ తెరుకూత్తులో కల్యాణ మురుంగై అనే తేలిక కొయ్య వాడతారు. కొండపల్లి, నిర్మల్ బొమ్మలకు పొణికి కొయ్య ఎంచుకోవడం వెనక ఉన్నదీ ఇదే తెలివి: చెక్కడానికి మెత్తన, ఎండితే తేలిక. చేర్యాల మాస్కుల వాళ్లు ఇంకో దారి పట్టారు. చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపి ముద్ద చేసి ముఖాలు మలుస్తారు. ఈ దారులన్నీ చెప్పేది ఒకటే: తల మీద పెట్టేదాన్ని దృఢంగా కనపడేట్టు చేయాలి, దృఢంగా చేయనక్కర్లేదు.

ఇవాళ్టి హెల్మెట్టుకు ఆ తేలిక కొయ్య స్థానంలో ఈవీఏ ఫోమ్ షీటు వచ్చింది. 6 నుంచి 10 మిల్లీమీటర్ల మందం ఉంటుంది, కత్తితో కోయవచ్చు, వేడిగాలికి వంగుతుంది, రబ్బరు జిగురుతో అతుకుతుంది. త్రీడీ ప్రింటరు అందుబాటులో ఉన్నవాళ్లు పీఎల్ఏ ప్లాస్టిక్కుతో అచ్చు తీస్తారు. గీతలు పోయేదాకా ఉప్పుకాగితంతో రుద్ది, ప్రైమరు కొట్టి, రంగు వేస్తే లోహంలాగే ఉంటుంది. కానీ పీఎల్ఏ సుమారు 60 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది. ఏప్రిల్ ఎండలో మూసిన కారులో వదిలేస్తే యోధుడి దవడ జారిపోతుంది. మన ఎండలకు ఫోమే నమ్మకం.

రెండోది కొలత. కిరీటం మేళం సొత్తు, ఒక్క నటుడిది కాదు. ఈ ఏడు కర్ణుడు కట్టినవాడు వచ్చే ఏడు మారిపోవచ్చు. అందుకని కిరీటాన్ని తలకు సరిగ్గా కొలిచి చేయరు. ముందు తలకు గుడ్డ చుట్టి, దాని మీద కిరీటం కూర్చోబెట్టి, వెనక తాళ్లతో బిగిస్తారు. ఎన్ని చుట్లు చుట్టాలన్నది తలను బట్టి. ఆ గుడ్డ చెమట పీలుస్తుంది, ఒరిపిడిని ఆపుతుంది, బరువును తలంతా పంచుతుంది. హెల్మెట్టు కట్టే కుర్రవాడు సాధారణంగా తలకు పాలిథిన్ కవరు చుట్టి, దాని మీద టేపు అంటించి, గీతలు గీసి, కోసి, ఆ ముక్కలను నమూనాగా వాడతాడు. తనకు పట్టేలా అతుక్కునేది తయారవుతుంది గానీ గాలి ఆడదు, తమ్ముడికి పట్టదు. ఒక అంగుళం వదులుగా చేసి లోపల గుడ్డ చుట్టుకోవడం మేలు.

మూడోది ముఖం. కిరీటం నటుడి ముఖాన్ని వదిలేస్తుంది. అర్దళం పూసిన ఆ ముఖమే పాత్ర. హెల్మెట్టు ముఖాన్ని అద్దం వెనక దాచేస్తుంది. ఆ ఇబ్బంది సినిమా వాళ్లకూ తప్పలేదు. 2012లో వచ్చిన ‘ప్రొమీథియస్’లో అంతరిక్ష దుస్తుల హెల్మెట్ల లోపలే దీపాలు అమర్చారు, నటుల ముఖాలు కనపడాలని. నిజంగా అంతరిక్షంలో నడిచే వ్యోమగాముల హెల్మెట్ల దీపాలు మాత్రం బయటికే చూస్తాయి. చేతిలో పని వాళ్లకు కనపడాలి కదా. లోపలి దీపం వెలిగిందంటే ముందున్న గాజు అద్దంలా మారి, పెట్టుకున్నవాడికి తన ముఖం తప్ప దారి కనపడదు. అందుకే లోపల దీపం కావాలనుకుంటే గడ్డం కింద, పక్కల్లో, కళ్లకు నేరుగా తగలకుండా చిన్న అడ్డు పెట్టి, బాగా తగ్గించి వెలిగించాలి.

ఇక నాలుగోది, అసలైనది, వెలుగు. కరెంటు రాకముందు వీధి నాటకానికి కాగడాలే దీపాలు. తర్వాత పెట్రోమాక్సులొచ్చాయి. కాగడా వెలుగు పసుపుగా, మినుకు మినుకుమంటూ, పక్క నుంచి వస్తుంది. కిరీటం ఆ వెలుగు కోసమే పుట్టింది. కొయ్య మీద తళుకు కాగితం, పూసలు, వాటి నడుమ చిన్న చిన్న అద్దం ముక్కలు. ఒక్క పెద్ద అద్దం పెడితే ఒకే మెరుపు ఒకే వైపు పోతుంది. ముక్కలు చేసి ఒక్కోటి ఒక్కో వాలులో అతికితే ఒక్కో మెరుపు ఒక్కో మనిషిని చేరుతుంది. అద్దం ఎంత కోణం తిరిగితే మెరుపు దానికి రెండింతలు తిరుగుతుంది. నటుడు తలను 10 డిగ్రీలు తిప్పితే కిరీటం మీది మెరుపు 20 డిగ్రీలు జరుగుతుంది. అందువల్ల రాజు కాస్త తల ఆడించినా జనం మీదుగా వెలుగు పరుగెత్తినట్టుంటుంది. చిన్న కదలికను పెద్దది చేసే యంత్రం కిరీటం.

ఆ యంత్రాన్ని ఎప్పుడు నడపాలో కూడా పాతవాళ్లకు తెలుసు. రాజు ఒక్కసారిగా కనపడడు. ఇద్దరు తెర పట్టుకుంటారు. తెర పైన కిరీటం కొన మాత్రం కదులుతుంది. లోపల నుంచి పాట. కూచిపూడి భాగవతుల్లోనూ వీధి నాటకాల్లోనూ పాత్ర ప్రవేశించే వేళ కాగడాల మీద గుగ్గిలం పొడి చల్లేవారు. మంట భగ్గున లేస్తుంది, అద్దాలన్నీ ఒక్క క్షణం మండినట్టవుతాయి, తెర దిగుతుంది. నిప్పుకూ అద్దానికీ మధ్య ముందే కుదిరిన ఒప్పందం అది.

ఇప్పుడు ఆటస్థలం చుట్టూ తెల్లని ఎల్ఈడీ ఫోకస్ లైట్లు. నాలుగు వైపుల నుంచీ ఒకే తీరున వెలుగు కురిస్తే అద్దానికి చేయడానికి పనుండదు. చీకటి లేనిచోట మెరుపు తెలియదు. కిరీటం వెలవెలబోతోందని పెద్దవాళ్లు అంటే పాతకాలపు బెంగ అనుకోనక్కర్లేదు, కళ్లు చూసిందే వాళ్లు చెబుతున్నారు. మంట తేనక్కర్లేదు గానీ, ప్రవేశం వేళ మిగతా లైట్లు తగ్గించి, పక్కన ఒక పసుపు లైటు ఉంచినా కిరీటం మళ్లీ బతుకుతుంది.

హెల్మెట్టు దీపాలను తనలోనే మోస్తుంది. తెల్ల ఎల్ఈడీ ఒకటి సుమారు 3.2 వోల్టుల దగ్గర 20 మిల్లీ ఆంపియర్లు తీసుకుంటుంది. పవర్‌బ్యాంకు ఇచ్చేది 5 వోల్టులు. మిగిలిన 1.8 వోల్టులను ఆపడానికి ఒక్కో ఎల్ఈడీకి 100 ఓముల రెసిస్టరు చాలు. రంగులు మారే ఎల్ఈడీ పట్టీ వాడితే ఒక్కో చుక్క పూర్తి తెలుపులో 60 మిల్లీ ఆంపియర్ల దాకా లాగుతుంది. 20 చుక్కలకు 1.2 ఆంపియర్లు. 10,000 ఎంఏహెచ్ పవర్‌బ్యాంకు అయిదు గంటలు నిలబడితే గొప్ప. వెలుగును మూడో వంతుకు తగ్గిస్తే చీకట్లో కంటికి పెద్ద తేడా తెలియదు, రాత్రంతా వెలుగుతుంది. పవర్‌బ్యాంకును నెత్తి మీద పెట్టకుండా నడుముకు కట్టి, మెడ వెనక నుంచి సన్న వైరు తీయాలి. చుక్కలు చుక్కలుగా కాకుండా వెలుగు పరుచుకోవాలంటే ముందు పాలరంగు అక్రిలిక్ ముక్కో, బటర్ పేపరో ఉండాలి. జాతరకు కట్టే సీరియల్ సెట్లను మాత్రం తలకు చుట్టుకోవద్దు. అవి 230 వోల్టులవి. చెమట పట్టిన తలకూ వాటికీ సరిపడదు.

ఇన్ని చేసినా లైట్ల హెల్మెట్టుకు ఒక లోటుంటుంది. తల కదిలినా కదలకపోయినా దాని వెలుగు ఒకటే. ఫ్రెంచి సంగీతకారులు డాఫ్ట్ పంక్ 2001లో పెట్టుకోవడం మొదలుపెట్టిన ఎల్ఈడీ హెల్మెట్లు ప్రపంచానికి నచ్చాయి. వాటి మీది వెలుగు ఆటను ముందే రాసిపెట్టాల్సి వచ్చింది. కిరీటానికి అలాంటి రాత అక్కర్లేదు, మెడ ఆడితే చాలు. పైగా అద్దం ఊడితే సాయంత్రానికల్లా ఇంకోటి అతుకుతారు. కాగితం వెలిస్తే కొత్తది అంటిస్తారు. కొయ్య అలాగే ఉంటుంది. హెల్మెట్టులో ఒక వైరు తెగితే మొత్తం విప్పాలి. దీపాల పట్టీని విడిగా ఊడదీసేలా అమర్చుకోవడం కూడా కిరీటం నేర్పే పాఠమే.

కాబట్టి హెల్మెట్టు కట్టాలనుకునేవాళ్లు ఎల్ఈడీలు కొనేముందు ఒక పని చేయాలి. ముందు దీపాలు లేకుండా కట్టి, అంచుల వెంబడి అద్దంలాంటి అక్రిలిక్ ముక్కలు వేర్వేరు వాలుల్లో అతికి, రాత్రి పూట ఒక్క టార్చి పక్కన పెట్టి, స్నేహితుణ్ని నడిపించి, వీధి చివర నుంచి చూడాలి. ఎక్కడ మెరుపు చస్తుందో అక్కడ మాత్రమే ఎల్ఈడీ పెట్టాలి. కావాల్సిన దీపాల సంఖ్య తగ్గుతుంది, బ్యాటరీ చిన్నదవుతుంది, మెడకు హాయి. అద్దాన్ని ఏ వాలులో అతకాలో అడగడానికి దూరం పోనక్కర్లేదు. వేసవిలో భారతం జరిగే ఊరికి చీకటి పడకముందే వెళ్లి, మేళం వాళ్లు పెట్టె తెరిచి కిరీటాలు సర్దుకునే వేళ పక్కన కూర్చుని అడిగితే చాలు. వాళ్ల పనిని వేషమని తప్ప విద్య అని అడిగినవాళ్లు ఇప్పటిదాకా తక్కువ.