విధేయత స్వభావమా, సంబంధమా?

1

ఈ మధ్య మన సాహిత్య సమావేశాల్లో ఒక మాట తరచుగా వినిపిస్తోంది. "మనిషి స్వభావమే అంత. పైవాడు చెయ్యమంటే ఎంతటి ఘోరమైనా చేస్తాడు. అమెరికాలో ఒక ప్రొఫెసరు ఈ సంగతి ప్రయోగం చేసి మరీ నిరూపించాడు." ఈ మాట అంటున్నవారిలో యువ కథకులున్నారు, విమర్శకులున్నారు, తెలుగు ఎం.ఏ. విద్యార్థులూ ఉన్నారు. లాఠీ ఎత్తిన కానిస్టేబుల్ని గురించో, రోగిని గేటు బయటికి నెట్టిన ఆసుపత్రి బంట్రోతుని గురించో కథ రాసి, చివర ఈ మాట తగిలిస్తే కథకు శాస్త్రీయమైన ముగింపు దొరికినట్టేనని వారి నమ్మకం.

ఆ ప్రొఫెసరు స్టాన్లీ మిల్‌గ్రామ్ (1933–1984). తన ప్రయోగాల మీద ఆయన రాసిన 'ఒబీడియెన్స్ టు అథారిటీ' అనే గ్రంథం 1974లో వెలువడింది. ఆయన పేరు చెప్పేవారిలో ఎక్కువమంది ఆ గ్రంథం చదవలేదని నా అనుమానం. చదివినవారు కూడా మొదటి అధ్యాయాల దగ్గరే ఆగిపోతున్నారు. చివరిదాకా చదివితే అందులో వేరొక మనిషి కనిపిస్తాడు. ఆ మనిషిని గురించి చర్చించడమే ఈ వ్యాసం ఉద్దేశం. మనస్తత్వ శాస్త్రంలో నాకు పాండిత్యం ఉందని చెప్పుకోవడం లేదు. నేను తెలుగు పాఠాలు చెప్పుకునే బడిపంతుల్ని. కాని మనిషి ప్రవర్తనను గురించి రాసిన ఏ గ్రంథమైనా సాహిత్య విమర్శ పరిధిలోకి వస్తుందని నా అభిప్రాయం.

2

ప్రయోగం అందరికీ స్థూలంగా తెలిసిందే. 1961, 62 సంవత్సరాల్లో యేల్ విశ్వవిద్యాలయం ఉన్న న్యూ హేవెన్ పట్టణంలో ఇది జరిగింది. జ్ఞాపకశక్తి మీద పరిశోధనకు మనుషులు కావాలని పత్రికలో ప్రకటన వేశారు. వచ్చినవారికి నాలుగు డాలర్లు, దారి ఖర్చులకు మరో అర డాలరు. వచ్చినవాళ్లు పోస్టాఫీసు గుమాస్తాలు, సేల్స్‌మెన్, ఇంజనీర్లు, కూలీలు, బడిపంతుళ్లు. వచ్చినతనికి 'ఉపాధ్యాయుడు' పాత్ర ఇస్తారు. పక్క గదిలో కుర్చీకి కట్టేసి ఉన్న మనిషి 'విద్యార్థి'. అతను తప్పు చెప్పినప్పుడల్లా ఒక మీట నొక్కాలి. మీటలు ముప్ఫై. 15 వోల్టులతో మొదలై 450 వోల్టుల దాకా పోతాయి. నిజానికి విద్యార్థికి షాకు ఏమీ తగలదు. అతను ఆ పాత్ర ధరించిన ఒక అకౌంటెంటు. ఈ సంగతి ఉపాధ్యాయుడికి మాత్రం తెలియదు. పక్కన బూడిదరంగు కోటు వేసుకుని నిలబడ్డ 'శాస్త్రజ్ఞుడు' కొనసాగించమని శాంతంగా చెబుతూ ఉంటాడు. ఆ కోటు తొడుక్కున్నది కూడా ఒక హైస్కూలు జీవశాస్త్ర ఉపాధ్యాయుడే.

1963లో ప్రచురించిన మొదటి నివేదిక ప్రకారం 40 మందిలో 26 మంది చివరి మీట దాకా నొక్కారు. నూటికి అరవై అయిదు. ఈ అంకె ప్రపంచమంతా తిరిగింది. జెరూసలేములో ఐక్‌మన్ విచారణ కూడా 1961లోనే జరగడం వల్ల, నాజీ మారణహోమానికి సంజాయిషీ దొరికిందనుకున్నారు.

ఇక్కడ కథకులు గమనించవలసిన విషయం ఒకటుంది. ఆ 40 మందిలో 14 మంది ప్రయోగం నడుస్తుండగా నవ్వారు. మన కథల్లో ఇటువంటి చోట నవ్వినవాడు రాక్షసుడే అవుతాడు. మిల్‌గ్రామ్ వర్ణించిన నవ్వు అది కాదు. వాళ్లు చెమటలు కక్కారు, నత్తి పడ్డారు, వణికారు, గోళ్లు అరచేతుల్లో గుచ్చుకున్నారు. ఆ మధ్యలోనే ఆపుకోలేని నవ్వు వచ్చింది. చెయ్యి మీట మీద ఉంది, మనసు దానితో తగవు పడుతోంది. ఆ తగవు బయటపడిన రూపమే ఆ నవ్వు. చేసే పనికీ చేసేవాడి మనసుకూ మధ్య ఉన్న ఈ వైరుధ్యాన్ని పట్టుకోలేకపోతే మనం రాసే కానిస్టేబులు అట్టబొమ్మే అవుతాడు.

3

అసలు విషయం తరవాతి అధ్యాయాల్లో ఉంది. మిల్‌గ్రామ్ ఒక్క ప్రయోగంతో ఆగలేదు. మనుషుల మధ్య దూరాలను, సంబంధాలను మార్చుకుంటూ అదే ప్రయోగాన్ని పద్దెనిమిది రకాలుగా నడిపాడు.

విద్యార్థిని పక్క గదిలోంచి తెచ్చి అదే గదిలో కూర్చోబెడితే చివరిదాకా పోయినవారు 40 మందిలో 16 మంది. అతని చెయ్యి పట్టుకుని పలక మీద అదమవలసి వస్తే 12 మంది. శాస్త్రజ్ఞుడు గది వదలి టెలిఫోనులో ఆదేశిస్తే సుమారు అయిదో వంతు మంది. కొందరు ఫోనులో 'సరే' అంటూ తక్కువ షాకు మీటే నొక్కి తప్పించుకున్నారు. ఇద్దరు శాస్త్రజ్ఞులుండి ఒకరు కొనసాగించమని, మరొకరు ఆపమని చెబితే చివరిదాకా పోయినవారు ఒక్కరూ లేరు.

అన్నిటికన్నా ముఖ్యమైనవి మరో రెండు. ఒకదాంట్లో మీట నొక్కే పని ఇంకొకడిది. మన మనిషి పక్కన కూర్చుని అనుబంధంగా ఏదో చిన్న పని చేస్తే చాలు. అప్పుడు 40 మందిలో 37 మంది చివరిదాకా కూర్చున్నారు. రెండోదాంట్లో మన మనిషితోపాటు మరో ఇద్దరు ఉపాధ్యాయులుంటారు. వాళ్లు మధ్యలో ఒకరి తరవాత ఒకరు "మేము చెయ్యం" అని లేచిపోతారు. అప్పుడు చివరిదాకా పోయినవారు 40 మందిలో నలుగురు. 36 మంది ఎదురుతిరిగారు.

నూటికి అరవై అయిదు అన్న అంకె అందరికీ కంఠతా వచ్చింది. 40లో 36 మంది ఎదురుతిరిగిన సంగతి ఎవరికీ గుర్తు లేదు. ఇది కాకతాళీయం కాదు. మనిషి స్వభావమే లొంగుబాటు అని చెప్పే అంకె పాలకులకు పనికివస్తుంది. సాటివాడు లేచి నిలబడితే మనిషి లేచి నిలబడతాడని చెప్పే అంకె వారికి పనికిరాదు. రెండూ ఒకే గ్రంథంలోవి, ఒకే పట్టణపు మనుషులవి. స్వభావమే కారణమైతే 37 మంది, నలుగురు అనే అంత తేడా ఎట్లా వస్తుంది? మారింది మనుషుల స్వభావం కాదు, మనుషుల మధ్య సంబంధం.

4

విచిత్రమేమంటే, ఈ నిర్ణయానికి మిల్‌గ్రామ్ తానే పూర్తిగా రాలేకపోయాడు. సిద్ధాంతం చెప్పవలసిన చోట, మనిషి అధికారం ముందుకు రాగానే ఒక 'ప్రతినిధి స్థితి'లోకి జారిపోతాడని, దానికి మూలాలు జీవపరిణామంలోనే ఉన్నాయని వాదించాడు. బాల్జాక్ తన రాజకీయాభిప్రాయాలకు విరుద్ధంగా వాస్తవాన్ని చిత్రించాడని 1888 నాటి ఒక లేఖలో ఎంగెల్స్ అన్న సంగతి మన పాఠకులకు తెలుసు. మిల్‌గ్రామ్ విషయంలోనూ అదే జరిగింది. ఆయన ప్రయోగాలు సంబంధాలను చూపిస్తాయి, ఆయన సిద్ధాంతం స్వభావాన్ని బోధిస్తుంది. మనం ప్రయోగాల పక్షాన నిలబడాలి.

తరవాతి పరిశోధనలు కూడా ఈ వైపే మొగ్గుతున్నాయి. జెర్రీ బర్గర్ ప్రయోగాన్ని 150 వోల్టుల దగ్గర ఆపేట్టుగా మార్చి మళ్లీ చేసి, 2009లో ఫలితాలు ప్రచురించాడు. అక్కడ నూటికి డెబ్బై మంది ముందుకు పోవడానికి సిద్ధపడ్డారు. కనుక పాత ఫలితాలు కట్టుకథ అని కొట్టివేయడానికి వీలు లేదు. అయితే "మీకు గత్యంతరం లేదు" అన్న అర్థంలో కటువుగా ఆజ్ఞాపించినప్పుడు మాత్రం ఒక్కరూ లొంగలేదు. పరిశోధన కోసం అవసరమని చెబితే లొంగారు. అంటే వాళ్లను కదిలించింది కొరడా కాదు, ఒక మంచి పనిలో భాగస్వాములమన్న భావన. హాస్లమ్, రైకర్ అనే పరిశోధకులు దీన్ని వివరంగా చర్చించారు. మన పరిభాషలో చెప్పాలంటే ఇది భావజాలం చేసే పని.

మిల్‌గ్రామ్ చేతులు కూడా శుభ్రంగా లేవు. పిలిచి తెచ్చిన మనుషులను మోసగించి, మానసికంగా హింసించాడని డయానా బౌమ్రిండ్ 1964లోనే విమర్శించింది. యేల్‌లో భద్రపరిచిన టేపులను, కాగితాలను పరిశీలించి జీనా పెర్రీ 2012లో ఒక గ్రంథం ప్రకటించింది. శాస్త్రజ్ఞుడి వేషధారి కొన్నిసార్లు నిర్ణయించిన మాటలు దాటి ఒత్తిడి చేశాడని, పాల్గొన్న చాలామందికి అసలు నిజం ఆనాడే చెప్పలేదని అందులో చూపింది. మరొకరిని బాధపెడుతున్నామనే భారంతో ఇళ్లకు వెళ్లినవాళ్లు నెలల తరబడి ఆ భారం మోశారు. అధికారానికి లొంగడాన్ని పరిశోధించినవాడే తన అధికారాన్ని పరిశోధించుకోలేదు.

5

ఇదంతా న్యూ హేవెన్ కథే అనుకుంటే మనకు నిశ్చింత. కాని 2009లో అప్పటి ఆంధ్రప్రదేశ్‌లోని ఖమ్మం జిల్లాలో సుమారు 14 వేలమంది బాలికలకు ఒక అధ్యయనంలో భాగంగా హెచ్.పి.వి. టీకా వేశారు. వారిలో చాలామంది హాస్టళ్లలో ఉండే ఆదివాసీ పిల్లలు. ఆందోళన చెలరేగి 2010 ఏప్రిల్‌లో ఆ కార్యక్రమం ఆగిపోయింది. ఆ టీకా చెడ్డదని నేనడం లేదు. గర్భాశయ ముఖద్వార క్యాన్సరును అరికట్టడానికి అనేక దేశాలు దాన్ని వాడుతున్నాయి. టీకా తీసుకున్న బాలికల్లో కొందరు చనిపోయినా, ఆ మరణాలకు టీకాయే కారణమని విచారణలో తేలలేదు. ప్రశ్న అది కాదు. 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘం ఇచ్చిన నివేదిక ప్రకారం, ఆంధ్రప్రదేశ్‌లో పరిశీలించిన 9,543 సమ్మతి పత్రాల్లో 1,948 వేలిముద్రలు, 2,763 హాస్టలు వార్డెన్ల సంతకాలు. తల్లి, తండ్రి ఉండవలసిన చోట వార్డెను ఉన్నాడు.

ఆ వార్డెన్లు దుర్మార్గులా? కారని నా నమ్మకం. వాళ్లు సూది గుచ్చలేదు, పక్కన కూర్చుని ఒక చిన్న పని చేశారు. 40 మందిలో 37 మంది వాళ్లే.

వాళ్లను గురించి ఇంత ధైర్యంగా చెప్పడానికి నాకొక కారణం ఉంది. కొన్నేళ్ల కిందట మా బడిలో ఏదో ఆరోగ్య సర్వే అని పిల్లల రక్తనమూనాలు తీసుకున్నారు. "తల్లిదండ్రుల కోసం కూర్చుంటే తెమలదు మాస్టారూ, మీరే పెట్టేయండి, సాయంత్రానికి పైకి పంపాలి" అన్నారు. నలభై కాగితాల మీద సంతకం పెట్టాను. ఒక్కటీ చదవలేదు. స్టాఫు రూములో మేం నలుగురం ఉన్నాం, నలుగురమూ పెట్టాం. మర్నాడు ఒక తల్లి వచ్చి, "మా పిల్లకి రగతం తీశారంట, ఎందుకు సారూ?" అని అడిగింది. నాకు జవాబు తెలియదు. పిల్లలకు ఏ హానీ జరగలేదు. అయినా ఆ ప్రశ్నకు ఈనాటికీ నా దగ్గర జవాబు లేదు. ఆ రోజు మాలో ఒక్కరు "చదివి పెడదాం" అని ఉంటే మిగతా ముగ్గురం ఆగేవాళ్లమని మాత్రం మిల్‌గ్రామ్‌ను చదివాక తెలిసింది. ఆ ఒక్కరు నేనెందుకు కాలేదన్నదే నన్ను బాధిస్తున్న విషయం.

మనస్తత్వ చిత్రణ అనగానే మనకు 'అసమర్థుని జీవయాత్ర', 'చివరకు మిగిలేది' గుర్తుకొస్తాయి. అవి గొప్ప నవలలే. కాని అక్కడ మనసు ప్రధానంగా ఒక మనిషి లోపల తనతో తాను పడే పెనుగులాట. పైనున్నవాడి ఆజ్ఞకూ కిందనున్నవాడి ఒంటికీ నడుమ నిలబడ్డ మనిషి మనస్సు వేరు. మద్యనిషేధ చట్టం చుట్టూ తిరిగే 'ఆరు సారా కథలు'లో రావిశాస్త్రి పోలీసు, కోర్టు యంత్రాంగాన్ని చిత్రించినప్పుడు మనసును ఆ నడుమ చోటునే పట్టుకున్నాడు. మనం కొనసాగించవలసిన సంప్రదాయం అది.

అందుకే యువ రచయితలకు నా విజ్ఞప్తి. లొంగిపోయినవాడి కథ తప్పక రాయండి. కాని 'స్వభావమే అంత' అని ముగించకండి. అతనికీ బాధితుడికీ మధ్య ఎన్ని గోడలున్నాయో, ఆ గోడలు ఎవరు కట్టారో చూపించండి. అతని చేత సంతకం పెట్టించిన మంచి మాట ఏమిటో రాయండి. అన్నిటికీ మించి, అతని పక్క కుర్చీలో ఎవరున్నారో రాయండి. ఆ కుర్చీలోని మనిషి లేచాడా, కూర్చున్నాడా అన్నదాని మీదే ఆ 36 మంది ఆధారపడి ఉన్నారు.