‘పంచ్’ పేరు, కృష్ణా తీరం: ‘అయిదు దినుసుల’ వ్యుత్పత్తి పునఃపరిశీలన

కాక్‌టెయిల్ సంప్రదాయానికి పూర్వరూపంగా భావించే ‘పంచ్’ అనే పానీయం పేరు ఇంగ్లీషు రాతల్లో తొలిసారిగా 1632 సెప్టెంబరు 28 నాటి ఒక ఉత్తరంలో కనిపిస్తుంది. ఈస్టిండియా కంపెనీ ఉద్యోగి రాబర్ట్ ఆడమ్స్ దానిని పెతపోలిలోని వర్తకుడు థామస్ కోలీకి రాశాడు. పెతపోలి అంటే దివిసీమకు పడమటనున్న నేటి నిజాంపట్నం. 1611లో గ్లోబ్ నౌకపై వచ్చిన కంపెనీవారు అక్కడా, మచిలీపట్నంలోనూ వర్తకస్థావరాలు నెలకొల్పారు. ఈ నేపథ్యంలో పంచ్‌ను ఈ తీరపు సృష్టిగానూ, దాని పేరును సంస్కృత ‘పంచ’ శబ్దం నుంచి పుట్టినదిగానూ చెప్పడం సులువు. ఈ రెండు ప్రతిపాదనలనూ విడివిడిగా పరీక్షించాలి.

‘పంచ’ వ్యుత్పత్తికి ప్రధానాధారం జాన్ ఫ్రయర్. 1673లో మచిలీపట్నం వచ్చిన ఈ వైద్యుడు, 1698లో వెలువడిన తన యాత్రాగ్రంథంలో, అయిదు దినుసులు కలపడం వల్లనే హిందుస్తానీలో అయిదుకున్న పేరు ఈ పానీయానికి వచ్చిందన్నాడు. సారా, నిమ్మరసం, చక్కెర, నీరు, సుగంధద్రవ్యం అనే పట్టిక ఆ విధంగా స్థిరపడింది. అయితే ఫ్రయర్‌కు ముందరి వర్ణనల్లో ఈ లెక్క కుదరదు. 1638లో సూరత్ చేరిన మాండెల్‌స్లో పేరిట ఉన్న గ్రంథం మద్యం, పన్నీరు, నిమ్మజాతి పండ్ల రసం, చక్కెర అనే నాలుగింటినే పేర్కొంటుంది. బెంగాల్ గురించి రాసిన బెర్నియే సారా, నిమ్మరసం, నీరు, జాజికాయ అన్నాడు. అవీ నాలుగే.

ధ్వనిపరంగానూ చిక్కుంది. మాండెల్‌స్లో గ్రంథం ‘పలెపుంట్స్’ అనీ, బెర్నియే ‘బూలెపోంజ్’ అనీ రాశాయి. రెండింటిలోనూ పూర్వపదం గిన్నె అనే అర్థంగల ఇంగ్లీషు ‘బౌల్’. ఉత్తరపదాన్ని బట్టి ఆనాటి ఉచ్చారణ ‘పుంచ్’కు దగ్గరగా ఉండేదని ఊహించవచ్చు. ‘పంచ’లోని అకారం ఉకారమెలా అయిందో ఫ్రయర్ వాదం వివరించదు. పీపాకు పేరైన ‘పంచన్’ నుంచి వచ్చిందన్న ప్రత్యామ్నాయం ధ్వనిరీత్యా మేలైనదే గాని, దానికీ ప్రత్యక్షసాక్ష్యం లేదు.

ఇక జన్మస్థల ప్రతిపాదన. ఆడమ్స్ ఉత్తరం పంచ్ అంటే ఏమిటో వివరించదు. రాసినవానికీ చదివేవానికీ అది అప్పటికే పరిచితమైన మాట. కనుక తొలి లిఖితప్రస్తావన దొరికిన చోటును పుట్టినచోటుగా తీసుకోరాదు. సాటి పదాలూ ఇదే చెబుతాయి. తెలుగుతీరంలో ఉన్నప్పటికీ ఇంగ్లీషువారు ‘కల్లు’ అనక ‘టాడీ’ అన్నారు. అది హిందుస్తానీ ‘తాడీ’. వారి ‘అరక్’ చెమట అనే అర్థంగల అరబ్బీ మాట. ఈ పదజాలం ఓడలతోపాటు రేవు నుంచి రేవుకు ప్రయాణించింది.

అయినా ఈ తీరానికి ఆ చరిత్రలో స్థానముంది. అది పేరులో గాక సరుకులో ఉంది. తాటిచెట్టు నుంచి దించిన కల్లు కొన్ని గంటల్లోనే పొంగి, మరునాటికి పులిసిపోతుంది. దానిని గీతకార్మికుడు, పొలం కూలీ, బెస్తవాడు ఊళ్లోనే తాగుతారు. ఓడకెక్కాలంటే కాచి సారాగా మార్చాలి. తాటికల్లు నుంచీ బెల్లం నుంచీ కాచిన సారాయే పంచ్‌కు మూలద్రవ్యం. ఒకే చెట్టు రసం గీతకార్మికునికి కల్లు. కంపెనీ గుమాస్తాకు పంచ్.

1632 నాటి ఉత్తరం ఇద్దరు ఇంగ్లీషువారి పేర్లు నిలిపింది. మోకు కట్టి చెట్టెక్కినవారి పేర్లకు అందులో చోటులేదు. ‘అయిదు’ చుట్టూ సాగే చర్చ ఈ లోపాన్ని మరుగుపరుస్తుంది. కంపెనీ స్థావరాల జమాఖర్చులలోని సారా కొనుగోళ్లను శ్రమచరిత్రగా చదివినప్పుడే దిగువ కృష్ణాతీరపు పానచరిత్ర సమగ్రమవుతుంది.