పొత్తును చూచి మొక్కను నమ్మవచ్చునా?

వరి కోసిన మళ్ళలో పదును ఆరకముందే, దున్నకయే మొక్కజొన్న విత్తు అలవాటు మన ఉత్తరాంధ్రలో నేడు కానవచ్చుచున్నది. నరసన్నపేట ప్రాంతమున అట్టి చేల గట్లవెంట నడచునప్పుడెల్ల నా చూపు పెద్ద పొత్తువైపునకే పోవును, విత్తనమునకు దానినే ఏరవలెనని మనసు తొందరపడును. ఆ తొందరను ఆపుకొనుటయే ప్రజననశాస్త్రమున ప్రథమపాఠమని నా నమ్మకము.

గట్టుచెంత నిలిచిన మొక్కకు ఒకవైపు పోటీ లేదు, వెలుతురు అధికము. అట్లు లభించిన బలిమి దాని సంతతికి సంక్రమింపదు. పైగా మొక్కజొన్న పీచుపై రాలు పుప్పొడి గాలి తెచ్చినది. తల్లిని మనమెంచుకొన్నను, గింజగింజకును తండ్రి ఎవరో ఎఱుగము.

చేనిలో మొక్కకును మొక్కకును గల భేదమున జన్యువుల పాలెంత, నేల, నీరు, ఎరువుల పాలెంత అని తేల్చు నిష్పత్తిని అనువంశికత అందురు. పూతకు వచ్చు దినములు, మొక్క ఎత్తు వంటి లక్షణములలో ఇది సాధారణముగా హెచ్చు, దిగుబడిలో తక్కువ. గింజలోని నూనె విషయమున హెచ్చుగా ఉండుటచేతనే, 1896లో అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయమున ఆరంభమైన ఎంపిక, నూటికి 5 పాళ్ళకు లోపున్న నూనెను నూరు తరములలో 20 పాళ్ళు దాటించినది. జన్యువైవిధ్యము అడుగంటియున్నచో ఎంత నిష్ఠతో ఎంచినను ఆ ఫలము చేకూరియుండెడిది కాదు.

అయితే అనువంశికత ఒక లక్షణమునకు శాశ్వతముగా అంటిన అంకె కాదు. హైదరాబాదు ప్రయోగక్షేత్రమున లెక్కించిన విలువ వంశధార మాగాణిలో మారవచ్చును. కావుననే మన చెంతనున్న నైర వ్యవసాయ కళాశాల విద్యార్థి ఈ మట్టిలో తీసెడి ప్రతి కొలతయు నాకు అమూల్యముగా తోచును.

గంగా, రంజిత్, దక్కన్ మొదలగు తొలి సంకరములు మన దేశమున విడుదలైన 1961లోనే, నెబ్రాస్కాలో గార్డ్నర్ అను శాస్త్రజ్ఞుడు, చేనిని చిన్న గళ్ళుగా విభజించి, ఏ గడి మొక్కలను ఆ గడి మొక్కలతోనే పోల్చి మేటివానిని ఎంచు పద్ధతిని ప్రకటించెను. సంకర విత్తనము వేసినవారు పంటనుండి విత్తనము దాచరాదు. మరుతరమున గుణములు చీలి దిగుబడి తగ్గును. కాని నాటురకమును నిలుపుకొను సీతంపేట కొండరైతులకు గార్డ్నర్ మార్గము చక్కగా తగినది, దానికి యంత్రమేదియు అక్కరలేదు. అయ్యలారా, గట్టువరుసలు విడిచి, చుట్టును సాటిమొక్కలున్న చోటులనుండి, చేను నలుమూలలనుండియు అనేకమైన మొక్కల పొత్తులు ఏరి విత్తనమునకు ఉంచుడు.