చోటు ఒక్కటే

ఫుట్‌బాల్‌లో ఫార్వర్డ్‌గా చోటు దక్కని అమ్మాయిని వింగ్‌లో ఆడించవచ్చు. మిడ్‌ఫీల్డర్‌ని అవసరాన్నిబట్టి డిఫెన్స్‌లోకి దించవచ్చు. ఆఖరి పావుగంటకి సబ్‌స్టిట్యూట్‌గా పంపడానికి కోచ్‌కి ఏదో ఒక కారణం దొరుకుతుంది. గోల్‌కీపర్‌కి ఈ వెసులుబాట్లేవీ లేవు. పెద్ద టోర్నీకి జట్టుతో ముగ్గురు కీపర్లు వెళ్తారు. ఆడేది ఒక్కరే. ఆ ఒక్కరికీ గాయమైతేనో, ఫామ్ పోతేనో తప్ప మిగతా ఇద్దరూ గ్లవ్స్ తొడుక్కుని, వార్మప్ చేసి, వెళ్లి బెంచీ మీద కూర్చుంటారు. మహిళల ఫుట్‌బాల్ చూడటం అలవాటయ్యాక నా ధ్యాస గోల్ కన్నా ఆ బెంచీ మీదకే ఎక్కువ పోతోంది.

జర్మనీ కీపర్ నాదీన్ ఆంగెరర్‌నే తీసుకోండి. 1996లో, 17 ఏళ్లకే దేశం తరఫున తొలి మ్యాచ్ ఆడింది. ఆ తర్వాత ఏళ్ల తరబడి సిల్కె రోట్టెన్‌బర్గ్ వెనకే ఉండిపోయింది. 2003లో జర్మనీ ప్రపంచ కప్ గెలిచినప్పుడు ఆంగెరర్ జట్టులో ఉంది, మైదానంలో లేదు. 2007లో రోట్టెన్‌బర్గ్ మోకాలికి గాయమైతేగాని ఆ చోటు ఖాళీ కాలేదు. అప్పటికి ఆంగెరర్‌కి 28 ఏళ్లు.

ఆ ఏడాది చైనాలో జరిగిన ప్రపంచ కప్‌లో 6 మ్యాచ్‌లు, 540 నిమిషాలు ఆడి ఒక్క గోల్ కూడా ఇవ్వలేదు. మగవాళ్ల ప్రపంచ కప్‌లో ఇటలీ కీపర్ వాల్టర్ జెంగా 1990లో నెలకొల్పిన 517 నిమిషాల రికార్డు కన్నా అది ఎక్కువ. షాంఘై ఫైనల్లో జర్మనీ 1-0తో ముందున్నప్పుడు బ్రెజిల్‌కి పెనాల్టీ వచ్చింది. కొట్టింది మార్తా. ఆంగెరర్ ఆపేసింది. జర్మనీ 2-0తో గెలిచింది.

అందరికీ గుర్తుండేది ఆ పెనాల్టీ. నాకు మాత్రం అదే టోర్నీ మొదటి మ్యాచ్ ఎక్కువ ఆసక్తిగా అనిపిస్తుంది. అర్జెంటీనా మీద జర్మనీ 11-0తో గెలిచింది. ఆట దాదాపు అంతా అవతలి గోల్ దగ్గరే. అలాంటి రోజున 90 నిమిషాలూ ఏకాగ్రత చెదరకుండా నిలబడటం పెనాల్టీ ఆపడం కన్నా తేలికేమీ కాదు. నాలుగు రోజుల తర్వాత ఇంగ్లండ్‌తో మ్యాచ్ 0-0. అక్కడ ఒక్క తప్పు చేసినా ఓటమే.

ఈ నిలకడ ఎక్కడినుంచి వస్తుంది? కీపర్ల ప్రాక్టీసు గమనిస్తే అందులో దూకుళ్ల కన్నా అడుగులే ఎక్కువ. గోల్ వెడల్పు 7.32 మీటర్లు, ఎత్తు 2.44 మీటర్లు. మగవాళ్లకీ ఆడవాళ్లకీ అదే కొలత. దాన్నంతా చేతులతో కప్పడం ఎవరివల్లా కాదు. అందుకే కీపర్ బంతివైపు రెండడుగులు ముందుకొచ్చి, కొట్టేవాళ్లకి కనిపించే ఖాళీని కుదిస్తుంది. కాలు బంతిని తాకే క్షణానికి మాత్రం తన పాదాలు కుదురుగా నేలమీద ఉండాలి. ఇంకా కదులుతూ ఉంటే దూకడానికి ఊతం దొరకదు. పెనాల్టీ అయితే 11 మీటర్ల దూరం, గట్టిగా కొడితే అర సెకను కూడా పట్టదు. బంతి కదిలాక ఆలోచించే వ్యవధి ఉండదు కాబట్టి ఆనించిన కాలు ఎటు తిరిగింది, నడుము ఎటు వంగింది అన్నవి ముందే చదవాలి. ఇలాంటి చదువు బెంచీ మీద కూర్చుంటే రాదు. మ్యాచ్‌లు ఆడితేనే వస్తుంది.

ఆంగెరర్ కథలో అసలు కీలకం ఇక్కడే ఉంది. జాతీయ జట్టులో ఎదురుచూస్తున్న ఆ ఏళ్లలో ఆమె ఖాళీగా లేదు. క్లబ్ ఫుట్‌బాల్ ఆడుతూనే ఉంది. టుర్బినె పోట్స్‌డామ్‌తో 2005లో యూరప్ క్లబ్ కప్ గెలిచింది. అప్పట్లో 12 జట్ల జర్మన్ లీగ్‌లో సీజన్‌కి 22 మ్యాచ్‌లు ఉండేవి. చోటు ఖాళీ అయ్యేనాటికి ఆమె సిద్ధంగా ఉండటంలో వింతేమీ లేదు. 2013 యూరో ఫైనల్లో నార్వే మీద రెండు పెనాల్టీలు ఆపి, ఆ ఏడాది ఫిఫా ఉత్తమ క్రీడాకారిణిగా నిలిచింది. ఆ గౌరవం అందుకున్న తొలి గోల్‌కీపర్ ఆమే.

ఇంగ్లండ్ కీపర్ మేరీ అర్ప్స్‌దీ ఇలాంటి దారే. దాదాపు రెండేళ్లు జాతీయ జట్టుకి దూరమై, ఆట మానేద్దామనుకుని, 2021లో తిరిగొచ్చి, 2022లో యూరో గెలిచింది. 2023 ప్రపంచ కప్ ఫైనల్లో పెనాల్టీ ఆపింది. ఆమె జెర్సీని నైకీ మొదట అమ్మకానికే పెట్టలేదు. అమ్మాలని కోరుతూ లక్షన్నరమందికి పైగా అభిమానులు సంతకాలు చేశారు. చివరికి అమ్మకానికి పెడితే చూస్తుండగానే అయిపోయాయి. 2025లో ఆ చోటు హానా హ్యాంప్టన్‌ది కాబోతోందని తెలిసి, యూరోకి కొద్ది వారాల ముందు అర్ప్స్ అంతర్జాతీయ ఆటకి సెలవు చెప్పింది. కొందరు తప్పుపట్టారు. నేను పట్టను. బెంచీ బరువెంతో తెలిసిన మనిషి తీసుకున్న నిర్ణయం అది. ఫైనల్ షూటౌట్‌లో హ్యాంప్టన్ రెండు పెనాల్టీలు ఆపి కప్ గెలిపించింది.

మన దేశానికొస్తే, గోల్‌కీపర్ అదితి చౌహాన్ 2015లో వెస్ట్ హామ్ మహిళల జట్టులో చేరి, ఇంగ్లిష్ లీగ్‌లో ఆడిన తొలి భారతీయ మహిళ అయింది. తర్వాత ఐస్‌లాండ్‌లోనూ ఆడింది. 2025 జూలైలో రిటైరైంది. ఆమె కెరీర్ మొదలైనప్పుడు ఇండియన్ విమెన్స్ లీగ్ పుట్టనేలేదు. ఇప్పుడుంది. 2024-25లో అందులో 8 జట్లు, ఒక్కో జట్టుకి 14 మ్యాచ్‌లు. క్లబ్బులో మొదటి కీపర్‌కే అవి చాలవు. రెండో కీపర్‌ సంగతి చెప్పనక్కర్లేదు.

ఓర్పు గొప్ప గుణమని ఆడపిల్లలకి మనం ఎప్పుడూ చెబుతూనే ఉంటాం. మ్యాచ్‌లు ఇవ్వకుండా ఓర్పు మాత్రమే నేర్పితే గోల్‌కీపర్ తయారుకాదు. లీగ్ నడిపేవాళ్లు ముందు సీజన్ పొడిగించాలి.