పాతబస్తీ పుస్తకాల్లో పార్దీల బుట్ట

హైదరాబాద్ పాతబస్తీ అల్లర్ల గురించి ఇంగ్లీషులో రెండు ముఖ్యమైన పుస్తకాలున్నాయి. ఒకటి మనోవిశ్లేషకుడు సుధీర్ కాకర్ 1996లో తెచ్చిన ‘ది కలర్స్ ఆఫ్ వయొలెన్స్’. ఇంకొకటి రాజనీతి శాస్త్రవేత్త అశుతోష్ వార్ష్ణేయ్ రాసి 2002లో ప్రచురించిన ‘ఎథ్నిక్ కాన్‌ఫ్లిక్ట్ అండ్ సివిక్ లైఫ్’. ఇంగ్లీషు వచ్చిన మన పిల్లలూ టీచర్లూ ఈ రెండూ చదవాలని నా కోరిక. కొట్లాట అయిపోయాక బతుకుదెరువు చూపిస్తే శాంతి దానంతటదే వస్తుందన్న మాట ఏజెన్సీలో మనం చాలా ఏళ్లుగా వింటున్నాం. ఆ మాట పాతబస్తీలో ఎంతవరకు నిలబడిందో చూడడం మనకు అవసరం.

1990 డిసెంబరు సంగతి తెలిసిందే. అయోధ్య వివాదం దేశమంతా రగులుతోంది. రథయాత్ర ఆగి రెండు నెలలు కూడా కాలేదు. పాతబస్తీలో కత్తిపోట్లు మొదలయ్యాయి, లెక్కకెక్కిన చావులే వంద దాటాయి. కర్ఫ్యూ రోజుల తరబడి సాగింది. ముఖ్యమంత్రి మర్రి చెన్నారెడ్డి ఆ నెలలోనే కుర్చీ దిగారు.

ఆ అల్లర్లనే కాకర్ తన పుస్తకానికి ఆధారం చేసుకున్నాడు. హిందువుల వైపు మాట వినడానికి ఆయన ఎంచుకున్నది ఎవరినో తెలుసా? పార్దీలను. మరాఠీలో పారధ్ అంటే వేట, ఆదిలాబాద్ వాళ్లకు నేను చెప్పక్కర్లేదు. వలలతో, ఉచ్చులతో పిట్టల్నీ జంతువుల్నీ పట్టి బతికిన జాతి. మహారాష్ట్రలో పార్ధీలు షెడ్యూల్డ్ తెగ. మన దగ్గర వెనుకబడిన తరగతుల జాబితాలో ఉన్నారు. నగరంలో వేట ఎక్కడిది? పండ్లూ కూరగాయలూ అమ్ముకుంటూ పార్దీవాడలో బతుకుతున్నారు. ఆ వాడ చుట్టూ ముస్లిం బస్తీలు.

కాకర్ వాళ్లతో ఓపిగ్గా మాట్లాడాడు. వాళ్ల కోపం, భయం, పగ, ఎదుటివాళ్ల గురించి చిన్నప్పటి నుంచీ విన్న కథలు అన్నీ విప్పి చూపాడు. ఆ పేజీలు గొప్పవి. మామూలు రోజుల్లో మనిషికి పది గుర్తింపులుంటాయి, అల్లరి రోజున మతం మిగతా తొమ్మిదింటినీ మింగేస్తుందని ఆయన చూపిన తీరు నాకు నచ్చింది. అయితే పుస్తకం మొత్తం వేసుకున్న గీత హిందువు, ముస్లిం. ఆ గీతకు ఒక పక్క పార్దీని నిలబెట్టాక, పార్దీ పార్దీగా కనబడడం తగ్గిపోతుంది. అడవి పోయినవాడు, గుడి పెత్తనంలో వాటా లేనివాడు, ఊళ్లో కులాలవాళ్లు దూరంగా ఉంచినవాడు, కత్తుల ముందు మాత్రం ‘హిందువు’ ఎట్లా అయ్యాడు? ఆదివాసీ పాఠకుడికి మొదట తట్టే ప్రశ్న ఇది. దీన్ని కాకర్ ఇంకా లోతుగా తవ్వాల్సింది.

రెండోది బుట్ట. కాకర్ మనసు డాక్టరు కాబట్టి మనసు గురించి రాసినంతగా బుట్ట గురించి రాయలేదు. తప్పు పట్టలేం గానీ లోటు లోటే. పండ్ల బుట్ట పక్క గల్లీకి పోవాలి. కొనేవాళ్లలో ముస్లిం ఇల్లాళ్లుంటారు. కర్ఫ్యూ పడితే నెల జీతగాడు ఇంట్లో కూర్చుంటాడు, జీతం వస్తుంది. బుట్ట అమ్మేవాళ్లకు సరుకు కుళ్లిపోతుంది, అప్పు మాత్రం కుళ్లదు.

వార్ష్ణేయ్ ఈ బతుకు సంగతికే వచ్చాడు. హైదరాబాదును లక్నోతో పోల్చాడు. లక్నోలో చికన్ కుట్టుపని ముస్లిం చేతుల్లో, వ్యాపారం ఎక్కువగా హిందువుల చేతుల్లో ఉంది. ఒకరు లేకుండా ఒకరికి గడవదు కాబట్టి అక్కడ అల్లర్లు తక్కువన్నాడు. హైదరాబాదులో అంత గట్టి ముడి లేదన్నాడు. పండగకు మిఠాయిలు ఇచ్చుకునే ఇరుగుపొరుగు స్నేహం నగరంలో చాలదు, సంఘాలు, వర్తక సమాఖ్యలు, యూనియన్లు కావాలన్నాడు. ఇందులో సగం ఒప్పుకుంటాను. మిగతా సగం దగ్గర నా పేచీ ఉంది. చికన్ కుట్టే ఆడవాళ్లకు దక్కే కూలి ఎంత తక్కువో అందరికీ తెలిసిందే. ఒకరి అవసరం ఆకలి, ఇంకొకరి అవసరం లాభం అయినప్పుడు ఆ ముడిని ఏమని పిలవాలి? కూలి పెంచమని అడిగిన రోజున కూడా అది శాంతిగానే ఉంటుందా?

లాడ్ బజార్‌ లక్క గాజులే తీసుకోండి. 2024లో వాటికి భౌగోళిక గుర్తింపు వచ్చింది, మంచిదే. ఆ లక్క ఎక్కడిది? మోదుగ, రేగు కొమ్మల మీద పురుగు పెట్టేది. దేశంలో లక్క ఎక్కువగా జార్ఖండ్, ఛత్తీస్‌గఢ్ అడవుల నుంచి వస్తుంది. కొమ్మ గీకేది చాలావరకు ఆదివాసీ చేయి, పాతబస్తీలో నిప్పుల ముందు కూర్చుని గాజు తిప్పి రాళ్లు అద్దేది ముస్లిం చేయి, తొడుక్కునేది అన్ని మతాల పెళ్లికూతుళ్లు. వార్ష్ణేయ్ కొలతతో చూస్తే ఇంతకన్నా మంచి ముడి ఉండదు. కానీ కొమ్మ గీకినవాళ్లకూ రాయి అద్దినవాళ్లకూ ధర చెప్పే హక్కు ఉందా అన్నది ఆ కొలతకు అందదు.

1990 తర్వాత పాతబస్తీలో పని జరగలేదని కాదు. హెన్రీ మార్టిన్ ఇన్‌స్టిట్యూట్ సుల్తాన్‌షాహీలో ‘అమన్ శాంతి’ పేరుతో బడి, వైద్యం, కుట్టు శిక్షణ పెట్టింది. స్వచ్ఛంద సంస్థల సమాఖ్య ‘కోవా’ రెండు మతాల ఆడవాళ్లను ఒక చోట కూర్చోబెట్టి పనులు నేర్పింది. కర్ఫ్యూ చూసిన గల్లీల్లో అట్లా పక్కపక్కన కూర్చోవడమే చిన్న విషయం కాదు. అయినా ఇట్లాంటి పథకాలన్నింటినీ ఒకటి అడగాలి. మిషను ఇచ్చారు సరే, కుట్టిన గుడ్డ కొనేదెవరు? ఏజెన్సీలోనూ మనకు ముందు శిక్షణ, తర్వాత సర్టిఫికెట్, ఆ తర్వాత ఏమీ లేదు.

ఇదే హైదరాబాదులో కూర్చుని ఒక ప్రభుత్వం ఇంకో రకంగా చేసింది. 1940లో జోడేఘాట్‌లో కొమురం భీమ్‌ను చంపాక, నిజాం సర్కారు హైమండార్ఫ్‌ను పిలిపించి గోండుల సంగతి తెలుసుకుంది. తర్వాతి ఏళ్లలో లక్షకు పైగా ఎకరాలకు పట్టాలిచ్చారు. 1943లో మర్లవాయిలో గోండు యువకులనే టీచర్లుగా తయారుచేయడం మొదలైంది. అంటే కుట్టుమిషను కాదు, భూమి. బయటి పంతులు కాదు, మన పంతులు. దయతో కాదు, భయంతో చేశారని కొందరంటారు, అనుకోండి. పట్టా పట్టానే. కానీ నిలబెట్టేవాళ్లు లేకపోతే పట్టా కూడా చాలదు. ఆ భూములు ఎట్లా చేజారాయో హైమండార్ఫే 1982లో అచ్చయిన ‘ట్రైబ్స్ ఆఫ్ ఇండియా’లో రాశాడు. అంతకు ఏడాది ముందు, 1981 ఏప్రిల్ 20న, ఇంద్రవెల్లిలో తుపాకులు పేలాయి.

2017 చివర్లో ఆదిలాబాద్‌లో గోండులకూ లంబాడాలకూ మధ్య జరిగింది కూడా ఈ వెలుగులో చూడాలి. అక్కడ తగాదా మతం మీద కాదు. ఉద్యోగం, సీటు, రిజర్వేషన్, అంటే బతుకుదెరువు మీదే. బతుకుదెరువు శాంతికి మందు అనేవాళ్లు, అదే బతుకుదెరువు కొట్లాటకు కారణమైన చోట ఏ మందు ఇస్తారు? వార్ష్ణేయ్ పుస్తకంలో దీనికి జవాబు నాకు దొరకలేదు. రెండు వైపులా టీచర్ల సంఘాలు మనకున్నాయి. ఆయన చెప్పిన ముడి కట్టగలిగిన చోటు అదే, ఎవరూ అటు చూడడం లేదు.

డిగ్రీ చదువుతూ హైదరాబాదు హాస్టళ్లలో ఉన్న మన పిల్లలు ఆదివారం పూట చార్మినార్ చూడ్డానికి పోతుంటారు. ఈసారి పోయినప్పుడు ఒక పార్దీ అవ్వ దగ్గర జామకాయలు కొని, తీరిక ఉంటే కాసేపు కూర్చోండి. ‘హిందువులు ఏమంటారు, ముస్లింలు ఏమంటారు’ అని అడగకండి. ఆ పని కాకర్ చేశాడు. పొద్దున బుట్ట నింపుకోవడానికి పెట్టుబడి ఎవరిచ్చారు, సాయంత్రానికి ఎంత వడ్డీ కట్టాలి, 1990లో ఏ గల్లీలు మూసుకుపోయాయి, వాటిలో ఏవి మళ్లీ తెరుచుకున్నాయి, మొదట పిలిచి కొన్నది ఎవరు, ఇవి అడిగి రాసుకోండి.